తీర్మానమూ తూమూ

"సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఏ పంచాయతీ ఆఫీసులోనైనా, ఏ బడిలోనైనా, ఏ నీటి సంఘం అధ్యక్షుడి ఇంట్లోనైనా బీరువా తెరిచి మినిట్స్ పుస్తకం తీయండి, ఈ వాక్యం తగులుతుంది. వాక్యాలు చదవడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి కాబట్టి నా కన్ను దీని మీద ఆగుతుంది. "సభ్యులందరూ" అని మొదలుపెట్టినవాడు "తీర్మానించారు" అని ముగించాలి. కాని కలం అక్కడిదాకా వచ్చి జంకుతుంది. మనుషులున్నారు, పని జరిగింది, ఆ మనుషులే ఆ పని చేశారని మాత్రం వాక్యం ఒప్పుకోదు. రేపు ఆడిటు వస్తే ఎవర్నీ పట్టుకోలేరు.

దీని పక్కన ఇంకో వాక్యం పెడతాను. చెరువు కింద వరి వేసే ఊళ్ళలో, నీళ్ళు పంచే నీరుగంటి చెప్పే మాట ఇలా ఉంటుంది: "ఈ పొద్దు కింది తూము కయ్యలకు, రేపు తెల్లారి నీ కయ్యకు, సామీ." ఇందులో రోజుంది, తూముంది, వంతుంది, ఎవరికి చెప్తున్నాడో ఆ మనిషున్నాడు. లేనిది సంతకం ఒక్కటే. చెప్పినట్టు నీళ్ళు రాకపోతే ఎవర్ని నిలదీయాలో ఊరంతటికీ తెలుసు.

మొదటి వాక్యం కలెక్టరు బల్ల దాకా పోతుంది, కయ్య దాకా రాదు. రెండోది కయ్య దాకా వస్తుంది, ఊరి పొలిమేర దాటదు. సర్కారుకూ పల్లెకూ నడుమ కమిటీలు వేసి ఊళ్ళను బాగుచేయాలని మనం చేసిన ప్రయత్నాలన్నీ ఈ రెండు వాక్యాలను ఒకే నోట పలికించాలన్న తాపత్రయమే. రెండూ నాకు ఇష్టమైనవే. తీర్మానాల భాషను వెక్కిరించడం సులువు గాని, చదువు రాని ఆడమనిషి తన పేరు మొదటిసారి కూడబలుక్కుని రాసింది చాలా చోట్ల ఆ పుస్తకంలోనే.

ఈ పోలికకు మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న మెట్ట భూమిని మించిన చోటు నాకు తోచలేదు. మదనపల్లెలో బస్సు ఎక్కితే పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరతాం. ఒకే వాన, ఒకే చెనిక్కాయ, ఒకే రాగి సంగటి, ఒకే అడుగంటిన బోర్లు. 2019లో పలమనేరు, కుప్పం, మదనపల్లె పేర్లు గుదిగుచ్చి ఒక పట్టణాభివృద్ధి సంస్థను కూడా పెట్టారు. మూడేళ్ళకే, 2022లో, మదనపల్లె చిత్తూరు జిల్లాను వదిలి అన్నమయ్య జిల్లాలో చేరింది. కుప్పం చిత్తూరులోనే ఉండిపోయింది. ఇలా విడగొట్టడం, అతికించడం ఇక్కడ కొత్త కాదు. 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా మదనపల్లె కడప జిల్లాది, రైత్వారీ సీమ. సర్కారు రైతుకు నేరుగా పట్టా ఇచ్చి, నేరుగా శిస్తు అడిగింది. కాగా పుంగనూరు జమీందారీ, ఉత్తర ఆర్కాటు వైపుది. కుప్పం కూడా అంతే, దాని పక్కనున్న కంగుంది జమీందార్ల ఏలుబడిలోది. ఒక చోట సర్కారుకూ రైతుకూ నడుమ ఎవరూ ఉండకూడదన్నారు, ఇంకో చోట ఒకడు ఉండి తీరాలన్నారు. కమిటీ అనే మాట పుట్టకముందే కమిటీ ప్రశ్న ఈ దారి పొడుగునా ఉంది.

పాత పద్ధతిని ముందు చూద్దాం. చిత్తూరు సీమకు జీవనది లేదు, చెరువులున్నాయి, వేలల్లో. ఒక చెరువు మొరవ పోతే ఆ నీళ్ళు కింది ఊరి చెరువుకు చేరేలా గొలుసుగా కట్టారు. వీటిని నిలబెట్టిన ఏర్పాట్లలో ఒకటి దశబంధం. చెరువు తవ్వించినవాడికో, దాని బాగోగులు చూసేవాడికో ఆయకట్టులో కొంత భూమి ఇనాంగా ఇస్తారు. పదో పాలు అన్న లెక్క పేరులోనే ఉంది. చూడడం మానేస్తే ఇనాం పోతుంది. మరమ్మతుకు ఊరివాళ్ళు ఇంటికింత చొప్పున వచ్చి పూడిక తీస్తారు, కట్ట మీద మన్ను పోస్తారు, కంప కొడతారు. మద్రాసు రాజధానిలో దీన్ని కుడిమరామత్తు అన్నారు. నీళ్ళు పంచే నీరుగంటికి కోతల్లో గింజలు కొలుస్తారు. ఈ ఏర్పాటులో మెచ్చుకోవలసింది పొందిక. పని, కూలి, శిక్ష మూడూ ఆ చెరువు కిందే తెమిలిపోతాయి, పైకి కాగితం పోదు.

అయితే ఈ పొందికను చూసి మురిసిపోయేవాళ్ళు రెండు సంగతులు దాటేస్తారు. నీరుగంటి చాలా ఊళ్ళలో దళిత కుటుంబాలవాడు. తూము తాళం అతని చేతిలో, భూమి మాత్రం ఇంకొకరి చేతిలో. అతను ఏ కయ్యకూ మొగ్గడని నమ్మడానికి ఒక కారణం, అతనికి కయ్యే లేకపోవడం. రెండోది, ఇంటికింత శ్రమదానం అన్నదాంట్లో దానం ఎంతో కంపెనీ పాలకులే 1858లో తేల్చారు. మద్రాసు రాజధానికని చట్టం చేసి, కట్ట తెగే అవసరంలో పనికి రానివాళ్ళను బలవంతంగా రప్పించవచ్చన్నారు. ఊరు తనంతట తానే కదిలివచ్చే చోట ఆ చట్టం దేనికి? స్వచ్ఛందం అన్న మాటకు అడుగున ఎప్పుడూ కొంత వెట్టి ఉంది. పాత చెరువు దగ్గరా ఉంది, కొత్త కమిటీలోనూ ఉంది.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి, ఆ వెనుక ఇనాములూ పోయాయి. పోవలసినవే. కాని ఇనాముతోపాటు దాని మెడకు కట్టిన పని కూడా పోయింది. చెరువు సర్కారుదైంది. సర్కారు చెరువు కట్ట మీద కంప మొలిస్తే కొట్టేవాడెవడు?

కొత్త కమిటీల సంగతి పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు, అందరూ అందులో బతికినవాళ్ళే. 1997 జనవరి 1న జన్మభూమి మొదలైంది. గ్రామసభ, నోడల్ ఆఫీసరు, పచ్చజెండా, పారా పట్టిన మంత్రిగారి ఫొటో. అదే ఏడు సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. రాష్ట్రమంతా పది వేలకు పైగా నీటి సంఘాలకు జూన్‌లో ఒక్కపట్టున ఎన్నికలు జరిగాయి. మరుసటి ఏడు బడి కమిటీల చట్టం. దీనికి ముందే వన సంరక్షణ సమితులు, వాటర్‌షెడ్ కమిటీలు, డ్వాక్రా సంఘాలు. ఆ పదేళ్ళలో ఒకే ఊళ్ళో ఒకే మనిషి నాలుగు కమిటీల్లో సభ్యుడై ఉండడం, ఆ నాలుగింటి పేర్లూ అతనికి సరిగ్గా తెలియకపోవడం ఎవరికీ వింత అనిపించలేదు.

జన్మభూమికి నమూనా దక్షిణ కొరియా సెమౌల్ ఉద్యమం అంటారు. అక్కడ మొదట జరిగిన పని చాలా చిన్నది. 1970లో ప్రభుత్వం ఊరికి 335 బస్తాల సిమెంటు పంపి, అందరికీ పనికొచ్చేది ఏదైనా కట్టుకోమంది. బాగా వాడుకున్న ఊళ్ళకే మరుసటి ఏడు మళ్ళీ సిమెంటు, కొంత ఇనుము. మిగతా ఊళ్ళకు ఏమీ లేదు. కటువైన పద్ధతి, సైనికాధికారి పాలనలో తప్ప సాగని పద్ధతి. మనం ఉత్సాహం తెచ్చుకున్నాం, కటువు వదిలేశాం. మన దగ్గర ఊరి వాటా చెల్లించవలసిన చోట కాంట్రాక్టరే ఊరి తరఫున వాటా కట్టి, రోడ్డు పని పట్టుకోవడం తరచూ జరిగేది. ఇది ఎవరో ఒకరి దుర్మార్గం అనుకుంటే లెక్క తప్పినట్టే. కూలికి పోతే గాని పొద్దు గడవనివాణ్ణి శ్రమ దానం చేయమన్నప్పుడు, ఆ దానాన్ని కొనేవాడు ఒకడు పుడతాడు.

కుప్పం ఈ సర్కారు కమిటీల ధోరణికి ప్రయోగశాల. 1989 నుంచి అది చంద్రబాబు నాయుడి నియోజకవర్గం. 1995లో ఆయన ముఖ్యమంత్రి అయ్యాక రాష్ట్రంలో ఏ కొత్త ఆలోచన వచ్చినా ముందు అక్కడ పరీక్ష జరగాలి. ఇజ్రాయెల్ బిందుసేద్యం పొలం అలా వచ్చింది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ఐ-కమ్యూనిటీ పేరుతో పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచింది. అందులో నాకు బాగా నచ్చేది ఊరి ఫొటోగ్రాఫర్ల ముచ్చట. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, ఎండతో ఛార్జి అయ్యే సంచి ఇచ్చారు. పెళ్ళికో, గుర్తింపు కార్డుకో, కొత్తగా పుట్టిన దూడ పక్కనో ఫొటో తీసి అక్కడికక్కడే చేతిలో పెట్టారు వాళ్ళు. కొన్నేళ్ళకు కంపెనీ వెళ్ళిపోయింది. సంఘం మాత్రం ఉంది, పొదుపు ఉంది. పైనుంచి దిగినదంతా పైకే పోయిందనడం న్యాయం కాదు.

కాగా మదనపల్లె తనంతట తాను మొలిచిన ఊరని మదనపల్లెవాళ్ళు నమ్ముతారు. ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం ఛాతీ కూడా విరుచుకుంటారు. 1915లో దివ్యజ్ఞాన కళాశాల, అదే ఏడు ఊరవతల ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి, తర్వాత రిషి వ్యాలీ బడి. వీటిలో ఏదీ జీ.వో. మీద పుట్టలేదు. నిజమే. కాని కళాశాల పెట్టినామె అనీబిసెంట్. 1919లో అక్కడ బసచేసిన టాగూరు జనగణమనను ఇంగ్లీషు చేస్తే, స్వరం కుదిర్చినామె ఐర్లండునుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. ఆరోగ్యవరాన్ని నడిపింది పలు క్రైస్తవ మిషన్ల పొత్తు, పెద్ద డాక్టరు డెన్మార్కువాడు ఫ్రిమాట్ మోలర్. రిషి వ్యాలీ బడి పెట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఒక్కడే ఆ ఊళ్ళో పుట్టినవాడు, ఆయనా లోకమంతా తిరిగి వచ్చిన తర్వాతే పెట్టాడు. మదనపల్లె స్వచ్ఛందానికి నీళ్ళు పోసిందీ బయటివాళ్ళే, కుప్పం అభివృద్ధికి నీళ్ళు పోసిందీ బయటివాళ్ళే. ఒక చోట ఆ బయటివాడి వెనుక సర్కారుంది, ఒక చోట లేదు. ఈ రెండు ఊళ్ళ చుట్టరికం మనం అనుకున్నదానికన్నా దగ్గరిది.

తేడా ఎక్కడుందంటే ఉండిపోవడంలో. ఆరోగ్యవరం డాక్టర్లు 1950లలో చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి బీసీజీ టీకా మీద పరిశోధన చేశారు. ఇల్లు తెలియనిదే, ఇంటివాళ్ళ నమ్మకం లేనిదే ఆ పని సాగదు. అలాగే రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టూ చిన్న చిన్న బడులు పెట్టి, ఆ ఊళ్ళ యువతనే పంతుళ్ళుగా తయారు చేసింది. ఒకే గదిలో నాలుగు తరగతులు కూర్చుని, పిల్లలు మెట్లు మెట్లుగా కార్డులు తీసుకుని చదువుకునే పద్ధతి అక్కడే తేలింది. ఆ పద్ధతిని తర్వాత ప్రభుత్వాలే అడిగి తీసుకున్నాయి. అంటే సర్కారుతో లంకె అక్కడ కూడా పడింది, కాని పని కుదురుకున్న తర్వాత పడింది. కుప్పంలో లంకె ముందు పడి, పని దాని వెనుక వస్తుంది. ముందు లంకె పడితే డబ్బు, రోడ్డు, వేగం దొరుకుతాయి. పని ముందు కుదురుకుంటే ఓపిక దొరుకుతుంది, డబ్బు దొరకదు. ఏది మేలంటే చెప్పలేను. బోరు ఎండి చీనీ చెట్లు మాడిపోతున్నవాడికి ఓపిక గురించి నేను ఉపన్యాసం ఇవ్వలేను.

మదనపల్లెకు దగ్గర్లో, పాపాఘ్ని నది పరీవాహకంలో, ఇంకో రకం కమిటీలున్నాయి. వీటి గురించి పత్రికల్లో తక్కువ వస్తుంది. 1980ల చివర జాతీయ స్థాయిలో మొదలైన చెట్ల పెంపకందార్ల సహకార సంఘాల ఆలోచన ఇక్కడి బంజర్ల మీద నిలదొక్కుకుంది. తర్వాత ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ ఆ పని చేపట్టింది. ఊరి గుట్ట, మేత బీడు, వంక అందరివీ కాబట్టి సభ్యత్వం కూడా ఇంటింటికీ, ఆడా మగా అందరికీ ఉండాలన్నది వాళ్ళ పట్టు. నీటి సంఘం చట్టాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాడికి. గొర్రెలకు నీళ్ళు తాపేవాడు, బట్టలు ఉతికేవాడు, చేపలు పట్టేవాడు చెరువు మీదే బతుకుతున్నా సంఘంలో లేనట్టే. పాత దశబంధం కూడా భూమి చుట్టూనే తిరిగింది. 1997 చట్టం ఆధునికమని అనుకున్నవాళ్ళు ఈ ఒక్క విషయంలో అది జమీందారీ మనవడని గుర్తించాలి.

ఈ బంజరు కమిటీల లోకంలోంచే వచ్చిన ఒక ఆట గురించి చెప్పాలి. రాయలసీమ పల్లెల్లో రైతుల్ని కూర్చోబెట్టి పరిశోధకులు భూగర్భజలం ఆట ఆడించారు. ఒక్కొక్కరు నీళ్ళు తక్కువ తాగే పంటో ఎక్కువ తాగే పంటో ఎంచుకోవాలి. ఎక్కువ తాగేదానికి రాబడి ఎక్కువ. అందరూ అదే ఎంచుకుంటే కొద్ది వరుసల్లోనే నీళ్ళు అయిపోతాయి. ముందు ఎవరికీ చెప్పకుండా ఎంచుకోమంటారు, తర్వాత మాట్లాడుకుని ఎంచుకోమంటారు. ఉత్త ఆటే. కాని నా బోరు నాది, నా భూమి కింది నీళ్ళు నావి అన్న నమ్మకం చెదరడానికి ఉపన్యాసాలకన్నా ఆ గులకరాళ్ళ లాంటి లెక్కలే పనికొచ్చాయి. తీర్మానం పుస్తకంలో కర్త లేడన్నాను కదా, ఇక్కడ ప్రతి ఆటగాడూ కర్తే. నీళ్ళు ఎవరు తాగేశారో వృత్తంలో కూర్చున్న అందరికీ కనిపిస్తుంది.

అటు సర్కారు కమిటీ మాత్రం వేరే దిక్కుకు మళ్ళింది. 2014 తర్వాతి జన్మభూమి కమిటీలు పింఛను ఎవరికి ఇవ్వాలో చెప్పే చోటికి వచ్చాయి, ఆ అధికారమే వాటికి చెడ్డపేరు తెచ్చింది. 2019 ఆగస్టు 15న వాలంటీర్లు వచ్చారు. 50 ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. ఒకటో తేదీ తెల్లారకముందే అవ్వ చేతిలో పింఛను పెట్టిన ఆ పిల్లను ఊరు ప్రేమించిందంటే అందులో ఆశ్చర్యం లేదు. కమిటీ కూర్చునేది, వాదించేది, ఇంటికి మాత్రం వచ్చేది కాదు. వాలంటీరు ఇంటికి వచ్చేది, వేలిముద్ర వేయించుకునేది, కూర్చుని వాదించే పని మాత్రం లేదు. ఒకరికి సభ ఉంది, సేవ లేదు. ఇంకొకరికి సేవ ఉంది, సభ లేదు. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం ఆ వాలంటీర్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించింది. ప్రభుత్వం మారాక ఆ పనిని సచివాలయ సిబ్బంది చేస్తున్నారు. రెండు ప్రయోగాలనూ రెండు పార్టీల ఆస్తిగా చూడడం మన అలవాటు. నాకైతే అవి పాత నీరుగంటి పనిని రెండు ముక్కలు చేసి చెరొకరికి ఇచ్చినట్టు కనిపిస్తాయి. నీరుగంటి ఇల్లూ ఎరుగును, వంతూ ఎరుగును, తగవు వస్తే చెట్టు కింద నిలబడి జవాబూ చెప్పేవాడు.

అసలు స్వచ్ఛందంగా కూర్చోవడానికి తీరిక ఎవరికుంది? తెల్లవారుజామున కుప్పం స్టేషన్‌కు పోయి చూడండి. బెంగుళూరు పనికి పోయే మేస్త్రీలు, కూలీలు, ఫ్యాక్టరీ పిల్లలు సద్ది మూటలతో రైలెక్కుతుంటారు. పది గంటలకు గ్రామసభ అంటే ఆ రైలుకు పోని వాళ్ళ సభ. అలాగే మదనపల్లె టమోటా మండీలో పొద్దున్నే వేలం పాటలు మొదలవుతాయి. పెట్టెల ధర తేలేదాకా రైతు అక్కడినుంచి కదలడు. కుప్పం కమిటీలో మిగిలేది తీరిక ఉన్న నాయకుడు, మదనపల్లె కమిటీలో మిగిలేది తీరిక ఉన్న మేష్టారు. మేష్టారి కమిటీ చూడముచ్చటగా ఉంటుంది, నాయకుడి కమిటీకి పనులు శాంక్షన్ అవుతాయి. నడుమ పుంగనూరు ఉంది. ఆ పేరు వింటే ఇప్పుడు అందరికీ పొట్టి ఆవు తప్ప మరేదీ గుర్తురాదు. చెరువుల సంగతి ఎవరూ అడగరు.

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో తుంగభద్ర కాలువ కింది ఊళ్ళలో తిరిగి, 1988లో విలేజ్ రిపబ్లిక్స్ అనే పుస్తకం వేశాడు. కొన్ని ఊళ్ళు పంచాయతీతో సంబంధం లేకుండా, ఏ చట్టమూ చెప్పకుండా, తమ డబ్బుతో నీళ్ళు కట్టేవాళ్ళనూ పొలం కాపలాదార్లనూ పెట్టుకున్నాయి. అవి కాలువ మొదట్లో ఉన్న ఊళ్ళు కావు, నీళ్ళు వస్తాయో రావో తెలియని చివరి ఊళ్ళు. రికార్డుల్లో ఎక్కడా లేని కమిటీలవి. ఆఫీసర్లకు ముడుపులు కట్టే పని కూడా ఆ ఊరి నిధే చూసుకుందని ఆయన దాచకుండా రాశాడు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. సర్కారుకూ పల్లెకూ లంకె అంటే ఇదీ ఒక లంకే.

ఇప్పుడు మన మెట్ట ఊళ్ళన్నీ కాలువ చివరి ఊళ్ళయ్యాయి. శ్రీశైలం వెనుక నీళ్ళను మల్యాల దగ్గర ఎత్తిపోసే హంద్రీ-నీవా కాలువ, కరెంటు మోటార్ల మీద మెట్టు మెట్టుగా ఎక్కుతూ అనంతపురం దాటి మదనపల్లె వైపు వస్తుంది. పుంగనూరు బ్రాంచి కాలువలోంచి కుప్పం బ్రాంచి చీలుతుంది. కాగితం మీద నిలవని పొత్తు కాలువలో కుదిరింది, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒకే నీటికి వరుసలో నిలబడ్డాయి. 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి రామకుప్పం మండలంలో నీళ్ళు వదిలారు. 2025 ఆగస్టులో ఇంకో ముఖ్యమంత్రి పరమసముద్రం చెరువు దగ్గర జలహారతి ఇచ్చారు. కృష్ణ నీళ్ళు 700 కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చి, ఎప్పుడో ఎవరో దశబంధానికి తవ్వించినటువంటి చెరువుల్లోనే పడుతున్నాయి. వేరే చోటు లేదు మరి.

పైనుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో ఇంజనీరు దగ్గర లెక్క ఉంటుంది. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగిన నీటి సంఘాల దగ్గర కొత్త మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి. ఎగువ ఊళ్ళలో మోటార్లు వేసి కాలువలోంచి తోడుకునేవాళ్ళను ఆపమని కలెక్టరును కోరాలంటే ఆ పుస్తకమే కావాలి, అక్కడ నీరుగంటి మాట చెల్లదు. చెరువు నిండిన తర్వాత తూము ఏ పొద్దు ఎత్తాలి, ముందు ఎవరి కయ్యకు, బోర్లు ఊరడానికి ఎంత నిలబెట్టాలి అన్నప్పుడు మాత్రం ఆ పుస్తకంలో చూసి లాభం లేదు. అది తెలిసిన ముసలాయన ఊళ్ళో ఒకరో ఇద్దరో ఉంటారు. చాలా తూములకు ఇప్పుడు తలుపు లేదు, గోనె సంచులు కుక్కి ఉన్నాయి. ఆయన మనవడు పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పోయాడు, రాత్రి తొమ్మిదికి గాని రాడు.